నాన్న వేసిన స్లాబు

ఇంటి తలుపుకి ఏదో కాగితం అంటించి వెళ్లారని ఎదురింటివాళ్లు ఫోన్ చేశారు. ఫొటో తీసి పంపమన్నాను. మసకగా వచ్చిన ఆ ఫొటోలో రెండు మాటలు మాత్రం బాగా కనిపించాయి. "శిథిలావస్థలో ఉన్నందున" అని ఒకటి, "నివాసయోగ్యం కాదు" అని ఇంకొకటి. గడువులోగా మరమ్మతు చేయించి, భద్రంగా ఉందని ఇంజినీరు చేత రాయించి ఇవ్వాలి. లేదంటే కూల్చేయాలి. నేను పుట్టి పెరిగిన ఇంటి సంగతి ముక్కూ మొహం తెలియనివాళ్లు నాలుగు వాక్యాల్లో తేల్చేశారని ముందు కోపం వచ్చింది. ఆరేళ్లుగా తాళం వేసి ఉంచినవాళ్లం, కోపం తెచ్చుకునే హక్కు మాకెక్కడిదని కాసేపటికి అనిపించింది.

ఆ ఇల్లు ఒకటి కాదు, రెండు. ముందు భాగం తాతయ్య కట్టించింది. మూరెడు మందం ఇటుక గోడలు, గానుగ సున్నం, టేకు దూలాల మీద ఇటుక పరిచి గచ్చు దట్టించిన మిద్దె. మూడు గదులు, వసారా. వెనక భాగం నాన్న కట్టించింది. సిమెంటు స్లాబు కింద వంటగది, స్నానాల గది, మేం చదువుకున్న గది. నట్టింటి వెనక గుమ్మం దాటి రెండు మెట్లు దిగితే నాన్న ఇంట్లోకి వచ్చినట్టు. చిన్నప్పుడు మా ముగ్గురికీ ఆ కొత్త గదులంటేనే గొప్ప. నున్నటి గోడలు, చదునైన పైకప్పు, ఎక్కడా దుమ్ము రాలదు. ముందు గదులు ముసలివి, వెనక గదులు మావి.

ఆ స్లాబు వేసింది 1979 వేసవిలో. నాకప్పుడు పదేళ్లు. ఆ రోజు తెల్లవారకముందే మొదలుపెట్టి దీపాలు పెట్టే వేళ దాకా కాంక్రీటు మోశారు. మర్నాడు నాన్న నన్ను నిచ్చెన ఎక్కించి పైకి తీసుకెళ్లారు. స్లాబంతా మట్టితో చిన్న చిన్న మళ్లు కట్టి ఉంది. వాటిలో నీళ్లు నింపి చూపించి, "సిమెంటు ఎండి గట్టిపడదు తల్లీ, నీళ్లు తాగి గట్టిపడుతుంది. రోజూ పొద్దునా సాయంత్రం ఈ మళ్లు నిండుగా ఉన్నాయో లేదో చూసే పూచీ నీది" అన్నారు. అన్నయ్యకి కాదు, తమ్ముడికి కాదు, నాకు. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది. చిన్న బిందెతో మెట్టు మెట్టూ ఎక్కి పోసేదాన్ని.

వారం తిరగకముందే నాన్న ఉద్యోగం పని మీద ఊరెళ్లారు. అదే సమయానికి పిన్ని పిల్లలు వచ్చారు. మూడు రోజులు. ఆ మూడు రోజులూ ఆటల్లో పడి నేను నిచ్చెన ఎక్కలేదు. నాన్న రాత్రి పూట తిరిగొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా లాంతరు పట్టుకుని పైకెళ్లారు. నేను కింద నిలబడి చూస్తున్నాను. మళ్లు ఎండి బీటలు వారి ఉన్నాయి. ఆయన ఒక్క మాట అనలేదు. తనే బిందె తెచ్చుకుని, ఎన్నిసార్లు ఎక్కి దిగారో, అన్నీ నింపారు. తిట్టి ఉంటే మర్చిపోయేదాన్నేమో.

పెళ్లయ్యాక ఒకసారి వచ్చి ఉన్నప్పుడు వంటగదిలో పైనుంచి అరచేయంత పెచ్చు ఊడిపడింది. లోపల కమ్మీ ఎర్రగా తుప్పు పట్టి కనిపించింది. నాన్న మేస్త్రీని పిలిపించి సిమెంటు పూయించారు. రెండేళ్లకి పూసిన ముక్కతో సహా ఇంకా పెద్దది ఊడింది. మళ్లీ పూయించారు. ప్రతి పెచ్చూ ఊడినప్పుడల్లా నాకు ఆ మూడు రోజులే గుర్తొచ్చేవి. ఎవరికీ చెప్పలేదు. మావారికి కూడా.

నాన్న పోయాక అమ్మ కొన్నాళ్లు ఒంటరిగా ఉంది. తుంటి విరిగాక తమ్ముడు తన దగ్గరికి తీసుకెళ్లాడు. తాళం పడింది. తాళం పడ్డ ఇల్లు ఎంత త్వరగా పాడవుతుందో చూడని వాళ్లు నమ్మరు. మిద్దె మీద నీళ్లు పోయే తూముకి ఆకులు అడ్డం పడతాయి. తీసేవాళ్లుండరు. నిలిచిన నీరు దారి వెతుక్కుంటుంది. గోడలో రావి మొక్క మొలుస్తుంది. వేలెడున్నప్పుడు పీకితే వచ్చేసే మొక్క, మూడేళ్లు పోతే ఇటుకల మధ్య మేకులా దిగుతుంది.

నోటీసు వచ్చిన వారం ముగ్గురం ఫోన్‌లో మాట్లాడుకున్నాం. అన్నయ్య అమ్మేద్దామన్నాడు. వాడికి ప్రేమ లేక కాదు. ఎవరూ ఉండని ఇంటి మీద డబ్బు పోయడం ఎందుకు, పైకప్పు కూలి ఎవరి మీదైనా పడితే ఆ పాపం ఎవరిది అని అడిగాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. తమ్ముడు బాగు చేయిద్దామన్నాడు. ఎలా, ఎంతకి అంటే వాడి దగ్గర జవాబు లేదు. నేను ఎటూ చెప్పలేదు.

కొనడానికి ఒకాయన వచ్చాడు. గోడల వైపు చూడనైనా చూడలేదు. టేపు పట్టి స్థలం కొలుచుకున్నాడు. ఇంటికి విలువ కట్టనని, పైగా కూల్చి శిథిలాలు ఎత్తిపోసే ఖర్చు స్థలం ధరలోంచి తగ్గించుకుంటానని చెప్పాడు. నోటీసు పడ్డ ఇంటికి ఎవరొచ్చినా చెప్పే లెక్క అదేనట. టేకు దూలాల సంగతి మాత్రం మధ్యలో అడిగాడు, అవి కూడా కలిపే కదా అని. అప్పుడు నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. పనికిరాని ఇంట్లో ఈయనకి కావలసిన వస్తువు ఒకటుంది. మరి ఈ ఇంట్లో ఏది బతికుందో, ఏది చచ్చిందో మాకు తెలియకుండా అమ్మడమెందుకు?

అందుకే స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిచాం. మధ్య వయసు ఆవిడ, భుజానికి సంచి. ముందుగా మమ్మల్ని వెనక గదుల్లోకి అడుగు పెట్టనివ్వలేదు. ఆ సాయంత్రానికే స్లాబు కింద ఇనుప ఆనుకోలు బిగింపించి, చుట్టూ తాళ్లు కట్టించింది. "ఇక నెమ్మదిగా చూద్దామండీ. ప్రమాదాన్ని ఆపితే గడువు పెంచమని అడగడానికి మనకి మొహం ఉంటుంది" అంది. అర్జీ ఆవిడే రాసి పెట్టింది.

మర్నాడు ముందు గదులు చూసింది. దూలం మధ్యలో బలంగా కనిపించినా నమ్మకూడదట. చివరలే ముందు పోతాయట. గోడలో దిగిన చోట గాలి ఆడదు, చెమ్మ చేరుతుంది, చెదలకి అదే దారి. అందుకని నిచ్చెన వేసుకుని ప్రతి దూలం చివరా స్క్రూడ్రైవరుతో పొడిచి చూసింది. నేను కింద కాగితం మీద రాసుకుంటున్నాను. పదకొండు దూలాల్లో రెండింటికే చివర మెత్తబడింది. తక్కినవి ఖణేలుమన్నాయి. మెత్తబడిన చివరలు కోసేసి, రెండు పక్కలా ఉక్కు పలకలు పెట్టి బోల్టులు బిగిస్తే సరిపోతుందంది.

గోడల కింది సగం మాత్రం ఉబ్బి, తెల్లగా ఉప్పు పూసి ఉంది. దానికి కారణం నాన్నే. చెమ్మ వస్తోందని ఒక ఏడు నడుమెత్తు దాకా సిమెంటు పూత వేయించారు, గట్టిగా ఉంటుందని. సున్నం గోడ కొంచెం నీరు తాగుతుంది, తిరిగి గాలికి వదిలేస్తుంది. సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోయి నీరు లోపలే ఉండి పైపైకి ఎక్కుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకి పేటెంటు పుట్టిందే 1824లో. అంతకు ముందు వేల ఏళ్లు గోడలన్నీ సున్నంతో, మట్టితో ఊపిరి పీల్చుకున్నవే. పాత గోడకి కొత్త మందు వేసేముందు ఆ గోడ తత్వం అడగాలి అంది ఆవిడ. పూత చెక్కేశాక అంగుళం మందానికి సుమారు నెల లెక్కన ఆరనివ్వాలట. మా గోడ పద్దెనిమిది అంగుళాలు. రెండు వైపులా ఆరినా తొమ్మిది నెలలు.

పక్క గోడకి ఏటవాలుగా ఒక నెర్ర ఉంది. చిన్నప్పుడు అందులో చీటీలు దాచుకునేవాళ్లం. అన్నయ్య అదే చూపించి, గోడ బయటికి ఒరిగిందని, ఇది నిలవదని గట్టిగా వాదించాడు. ఆవిడ తాడుకి తూకం గుండు కట్టి వదిలి చూసింది. నిజమే, ఒరిగింది. "ఒరిగినదల్లా పడదండీ. ఒరగడం ఇంకా సాగుతోందా, ఆగిపోయిందా అన్నదే చూడాలి" అంది. పీసా గోపురాన్ని 1990లో మూసేశారట. ఒరగని ఉత్తరం వైపు పునాది కింద కొంచెం కొంచెంగా మట్టి తోడి, పైన సుమారు 40 సెంటీమీటర్లు వెనక్కి తెచ్చి, 2001లో మళ్లీ జనాన్ని ఎక్కనిచ్చారట. అన్నయ్య చదువుకున్నవాడు, అక్కడితో ఊరుకున్నాడు.

ఆ నెర్ర మీద రెండు చోట్ల సన్నటి గాజుపలకలు అడ్డంగా అంటించి, వాటి మీద తేదీ రాసింది. గోడ కదిలితే గాజు పగులుతుంది. వానలు వచ్చి వెళ్లేదాకా చూడాలంది. ఇల్లు నిలుస్తుందా లేదా అన్నది వేలెడు గాజుముక్క చెప్పాలి! ఆ నాలుగు నెలలూ పక్షానికోసారి వెళ్లి తలుపు తీసి, టార్చి వేసి చూసేదాన్ని. పైన ఉన్నది అలాగే ఉంది. కిందది ఒకరోజు నిలువునా చీలి కనిపించింది. నా గుండె జారింది. ఆవిడ వచ్చి గోడ పక్కన తవ్వించింది. స్నానాల గదిలోంచి వెళ్లే మట్టి గొట్టం పగిలి, ఏళ్ల తరబడి ఆ మూల పునాది కింద నుంచి మట్టిని మోసుకుపోతోంది. గొట్టం మార్పించి, మూల గట్టి చేయించి, కొత్త గాజు అంటించింది. అది ఈ రోజుకీ పగల్లేదు.

ఇక వెనక భాగం. ఇక్కడే నాకు మాట పెగలలేదు. చిన్న సుత్తితో కొడుతూ పోతుంటే స్లాబు ముప్పావు వంతు డొల్లగా మోగింది. ఒక చోట చెక్కి, లోపలి కాంక్రీటు మీద ఏదో మందు చల్లింది. ఫినాఫ్తలీన్. మంచి కాంక్రీటులో క్షారం ఉంటుంది కాబట్టి గులాబీ రంగు వస్తుందట. ఆ క్షారమే కమ్మీకి కవచం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల మీద లోపలికి దిగి దాన్ని చంపేస్తుంది. మా స్లాబులో రంగు రాలేదు. కమ్మీలు దాటి చాలా లోపలికి వెళ్లాక గానీ గులాబీ కనిపించలేదు. కవచం పోయాక తుప్పు మొదలవుతుంది. తుప్పు ఇనుము కంటే రెండు మూడింతలు, ఇంకా ఎక్కువ చోటు అడుగుతుంది. ఆ చోటు కోసం కాంక్రీటుని నెట్టేస్తుంది. అవే మేం ఎత్తిపోసిన పెచ్చులు. పైన సిమెంటు పూసినంత మాత్రాన లోపలి తుప్పు ఆగదు.

కమ్మీ మందం కొలిచి చూపించింది. 10 మిల్లీమీటర్లది 7కి వచ్చింది. మూడో వంతు పోయిందన్నమాట అన్నాను. "కాదండీ, వైశాల్యం చూడాలి. సగం పోయింది" అంది.

అప్పుడు అడిగాను. నలభై ఏళ్లకి పైగా ఎవరినీ అడగనిది. ఆవిడకి మళ్ల సంగతి, పిన్ని పిల్లల సంగతి, లాంతరు సంగతి అన్నీ చెప్పాను. అన్నయ్య, తమ్ముడు పక్కనే ఉన్నారు, వాళ్లూ అప్పుడే విన్నారు. ఆవిడ నవ్వలేదు. కాసేపు స్లాబు కింది వైపు చూసి అంది: "మూడు రోజులు తడపకపోతే పైపొర కొంత బలహీనపడుతుంది, కాదనను. కానీ ఇక్కడ ఊడింది కింది నుంచి. మీరు పైన నీళ్లు పోయని ఆ మూడు రోజులూ కింద సెంట్రింగ్ చెక్కలు అంటుకునే ఉన్నాయి. ఆ వైపు అంతగా ఎండి ఉండదు. చూడండి, కమ్మీ కింద కవరు, అంటే దాన్ని కప్పే కాంక్రీటు పొర, ఎంతుందో. చిటికెన వేలి గోరంత లేదు. కమ్మీల కింద బిళ్లలు పెట్టి ఎత్తకుండా చెక్కల మీదే పరిచేశారు. పైన ట్యాంకు పెట్టాక అది కారింది. అసలు కథ ఇదీ." ఆగి మళ్లీ అంది. "పై నుంచి నీరు దిగడంలో మీ మూడు రోజుల వాటా బొత్తిగా లేదని మాత్రం నేను చెప్పలేను."

నా తప్పేమీ లేదని పూర్తిగా కొట్టిపారేసి ఉంటే నమ్మేదాన్ని కాదు. ఆ చివరి మాట అన్నందుకే ముందువన్నీ నమ్మాను. తమ్ముడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అన్నయ్య, "నాన్న నాతో అన్నారు, ఆ పూచీ అంత చిన్నదానికి అప్పజెప్పి తప్పు చేశానని" అన్నాడు. ఆ మాట వాడు ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదో అడగలేదు. చెప్పాల్సిన అవసరం ఉందని వాడికి తెలిస్తే కదా.

లెక్క తేలింది. వెనక స్లాబుని నిలబెట్టాలంటే, కాంక్రీటు చెక్కి, కమ్మీలు అతికి, మళ్లీ పోసి, అయ్యే ఖర్చు దాన్ని తీసేసి కొత్తది వేసుకునేదాని కంటే ఎక్కువ. ముందు భాగాన్ని బాగు చేయడానికి అందులో మూడో వంతు చాలు. పాతది బతుకుతుంది. మేం కొత్తదనుకున్నదే పోయింది. తాతయ్య ఇల్లు దక్కాలంటే నాన్న ఇల్లు పడగొట్టాలి. అమ్మేస్తే ఏ చెయ్యీ మాది కాదు, ఎవరో వచ్చి రెండూ పడగొడతారు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి నాకు అమ్మేయడమే తేలికనిపించింది.

ముగ్గురం ఎటూ తేల్చుకోలేక వారం గడిచింది. అమ్మ దగ్గర కూర్చుని ఇదే మాట్లాడుకుంటున్నాం, ఆవిడకి సరిగా వినపడదని. "ఇన్నాళ్లబట్టి మీలో మీరే మాట్లాడుకుంటున్నారు, నన్నొక్కరూ అడగరేం?" అంది అమ్మ. ముగ్గురం తలలు దించుకున్నాం. ఆ ఇంట్లో మా అందరికంటే ఎక్కువ ఏళ్లున్నది ఆవిడ. సంతకం ఎక్కడ పెట్టాలో చూపించడానికి తప్ప ఎవరం అడగలేదు.

అమ్మ చెప్పింది మాకెవరికీ తెలియదు. పెళ్లై వచ్చిన కొత్తలో వంట ముందు భాగంలోని చిన్న గదిలోనే. కట్టెల పొయ్యి, పొగ పోయే దారి లేదు. అమ్మకి ఆయాసం వచ్చేది. ఊపిరాడనప్పుడల్లా నట్టింటి వెనక గుమ్మంలోకి వచ్చి నిలబడేదట. అప్పటికి ఆ గుమ్మం బయటికే తెరుచుకునేది. అది చూసి నాన్న ఏళ్ల తరబడి కూడబెట్టి, రెండు కిటికీలున్న వంటగది కట్టించారు. మా చదువు గది, స్నానాల గది దాని వెంట వచ్చినవే.

"అవి నాకోసం వేసిన గదులు. నా పని అయింది, వాటి పనీ అయింది. తీసేయండి" అంది అమ్మ. "మీ తాతగారి గదులు మాత్రం నిలబెట్టండి. ఆ గుమ్మం దగ్గరికి నన్ను ఒకసారి తీసుకెళ్లండి."

అన్నయ్య ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. తన వంతు ఖర్చు తనూ పెడతాడు, కానీ ఏటేటా వానలకి ముందు మిద్దె ఎక్కి తూములు తీసేది ఎవరో, మొక్కలు పీకేది ఎవరో ఇప్పుడే కాగితం మీద రాసుకోవాలి. ఎవరూ పూచీ పడకపోతే అమ్మేద్దాం. అంతమందిలోకీ పనికొచ్చే మాట అన్నది వాడే. ఇంగ్లండులో విలియం మోరిస్ అనే ఆయన 1877లో పాత కట్టడాల రక్షణకి సంఘం పెట్టినప్పుడు కూడా చెప్పింది అదేనట, గొప్ప మరమ్మతుల కంటే రోజువారీ కనిపెట్టుకుని ఉండటమే కట్టడాన్ని కాపాడుతుందని. ఆ కాగితం మీద నేను పేరు రాసి సంతకం చేశాను.

వెనక భాగం పడగొట్టడానికి నాలుగు రోజులు పట్టింది. మొదటి రోజు ఉన్నాను. రెండో రోజు వెళ్లలేకపోయాను. వంటగది కిటికీలు రెండూ పగలకుండా తీయించి వసారాలో పెట్టించాను, ఎందుకో తెలియదు. శిథిలాలు ఎత్తిపోశాక వెళ్లి చూస్తే నట్టిల్లు గుర్తుపట్టలేకపోయాను. 1979 నుంచి చీకట్లో ఉన్న వెనక గుమ్మంలోంచి ఎండ లోపలి దాకా వచ్చి పడింది. ఆ గడప మధ్యలో అరిగి పల్లంగా ఉంది. అన్నేళ్లు దాటాను, ఎప్పుడూ చూడలేదు.

గోడలు ఆరాక సున్నం పని మొదలైంది. ఆ పని తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టమైంది. దొరికినాయన పెద్దవాడు, గోతిలో సున్నం నానబెట్టినప్పుడు అది సలసల ఉడుకుతుంటే దగ్గరికి రానివ్వలేదు. పూత పూర్తయిన రోజు నాకు అప్పగింత పెట్టాడు. దీనికి ఎండ తగలకూడదమ్మా, తడిపిన గోనెపట్టాలు వేలాడదీయండి, రోజుకి మూడు నాలుగుసార్లు తుంపర కొట్టండి, బిందెతో పోయకండి, గోడ మీద నీరు కారకూడదు, వారం పది రోజులు మానకూడదు అన్నాడు.

పద్నాలుగు రోజులు కొట్టాను. రాత్రి అక్కడే వసారాలో పడుకున్నాను. పదో రోజు తమ్ముడు అమ్మని తీసుకొచ్చాడు. చక్రాల కుర్చీ వెనక గుమ్మం దగ్గర ఆపమంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. గాలి వీస్తుంటే కళ్లు మూసుకుంది. నేను నా పనిలో ఉన్నాను, తుంపర కొట్టే డబ్బా పట్టుకుని, స్టూలు ఎక్కి.

"ఆ పై మూల తడవలేదు చూడవే" అంది అమ్మ.